జేబులో బెల్లం, ఎదురుగా పెద్దాఫీసరు

మాది చోడవరం. నేను సైన్యంలో చేరిన కొత్తలో, మా శిక్షణ కేంద్రానికి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చిన రోజది. పరేడ్ అయ్యాక తిందామని, అమ్మ పంపిన బెల్లం ముక్క ఒకటి ప్యాంటు జేబులో వేసుకున్నాను.

అటెన్షన్‌లో నిలబడగానే తొడ మీద ఏదో పాకింది. చీమలు! వరసగా కుట్టడం మొదలుపెట్టాయి. ఆఫీసరుగారు ఇంకా రెండు వరసల అవతలే ఉన్నారు. నేను నిలబడ్డ చోటే మెలికలు తిరుగుతున్నాను. పక్కనున్న రోలుగుంట అప్పారావు పెదవులు కదపకుండా గొణిగాడు.

"ఒరే, ఏటైందిరా? కదిలేవంటే ఇంటికి పంపేస్తారు!"

"సీమల్రా బాబూ, సచ్చిపోతన్నాను!"

ఆఫీసరుగారు సరిగ్గా నా ముందుకొచ్చి ఆగారు. అప్పుడే ఓ చీమ కుట్టకూడని చోట కుట్టింది. కెవ్వుమని ఎగిరి గంతేశాను. నా తుపాకీ వెళ్లి ఆయన బూటు మీద పడింది.

జేబు తిరగేసి చూపించమన్నారు. కరిగిన బెల్లం, దాన్నిండా చీమలు. ఆయన నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగిపోయారు. ఉద్యోగం నిలిచింది గానీ, తుపాకీ పైకెత్తి పట్టుకుని మైదానం చుట్టూ ఇరవై రౌండ్లు పరిగెత్తాను. నిజం చెప్పొద్దూ, ఆ పరుగే హాయిగా అనిపించింది.

రిటైరై వచ్చాక ఇప్పటికీ చాలామంది, సైన్యంలో అన్నిటికన్నా కష్టమేదని అడుగుతుంటారు. కదలకుండా నిలబడటమే అంటాను.