నక్షాల సార్ నీటిరంగులు

నేను పనిచేసే గ్రంథాలయంలో ఇవాళ వాన నీళ్ళు కారి రెండు అరల పుస్తకాలు తడిశాయి. ఆ పాత కాగితం వాసనకు ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి గుర్తొచ్చింది. డైరీలో కూడా రాయలేదు. పదహారేళ్ళ వయసులో, నన్ను నమ్మిన మనిషి ఇష్టంగా దాచుకున్న ఒక బొమ్మను నేను పాడుచేశాను. ఆయన అడగలేదు, నేను ఒప్పుకోలేదు.

ఆయన పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా పక్కింటి వెంకటనర్సయ్య గారు. సర్వే ఆఫీసులో భూముల పటాలు, అంటే నక్షాలు గీసి రిటైరయ్యారు కాబట్టి గల్లీ అంతా నక్షాల సార్ అనేది. ప్రతి గురువారం జుమేరాత్ బజారుకు వెళ్ళి, పాత బంగళాల నుంచి వచ్చిన సామానులో ఇంగ్లండు చిత్రకారుల నీటిరంగుల బొమ్మలు, అచ్చుబొమ్మలు వెతికేవారు. పేరుమోసిన వాళ్ళవి కావు. సొంత ఊళ్ళో కూడా ఎవరికీ గుర్తులేని వాళ్ళవి. జనమంతా ఫ్రేముల కోసం బేరమాడితే, ఈయన బొమ్మ విప్పుకుని ఫ్రేము తిరిగి ఇచ్చేసేవారు. "బాదాం పారేసి పెంకులు తింటరేంది సాబ్?" అని అమ్మే భాయ్ ఎగతాళి చేసేవాడట. ఆ మాట సారే మాకు చెప్పి నవ్వేవారు.

చేయి వణకడం మొదలయ్యాక, దస్తూరి బాగున్న పిల్లను పంపమని మా అమ్మను అడిగారు. అలా రోజూ సాయంత్రం ఆయన బొమ్మల రిజిస్టరు రాయడానికి వెళ్ళేదాన్ని. మొదటి బొమ్మకు 'చాలా అందమైన నది' అని రాశాను. కొట్టేయించారు. అందంగా ఉందన్నది నా సంగతి, కాగితం మీద ఏముందో అది రాయమన్నారు. కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో బొమ్మను పట్టుకుని చూపించారు. రంగు కింద పెన్సిలు గీతలు కనిపించాయి. నది మీది మెరుపు తెల్లరంగు కాదు, రంగు తగలనివ్వకుండా వదిలేసిన కాగితం. చిత్రకారుడి పేరు తెలియకపోతే తెలియదనే రాయమన్నారు.

ఒక బొమ్మలో పొలం గట్టున, చెట్టు చాటుగా, మనిషి సగమే కనిపిస్తాడు. సార్ దాన్ని చాలాసేపు చూశారు. "గీసినోడు సిగ్గరి. మనిషిని గీయనీకి భయపడి చెట్టెనక నిలవెట్టిండు. గని బొమ్మ ఇడిసిపెట్టలే," అన్నారు. తరువాత నన్ను చూసి, "నీ లెక్కనే," అన్నారు. చుట్టాలొస్తే వంటగదిలో దాక్కునే నేను ఆ మాటకు గట్టిగానే నవ్వేశాను.

దసరా ముందు మా ఇంట్లో దేవుడి పటాలను తడిబట్టతో తుడవడం నా పని. సరిగ్గా ఆ వారమే సార్ అద్దం పగిలిన ఒక బొమ్మను విప్పి బల్ల మీద పెట్టి, చాయ్ కోసం లోపలికి వెళ్ళారు. వాన రాబోతున్న మైదానం, మేఘం మీద గోధుమరంగు మచ్చలు. సాయం చేద్దామనుకున్నాను. చున్నీ కొస నీళ్ళలో ముంచి, పటాన్ని తుడిచినట్టే తుడిచాను. మచ్చలు పోలేదు. మేఘం పోయింది.

సార్ వచ్చి చూశారు. నేను చున్నీ వెనక్కి దాచుకున్నాను. కప్పులు కింద పెట్టి, బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకున్నారు. తరువాత రిజిస్టరు తెరవమన్నారు.

"కుడిదిక్కు మేఘం కొంత పోయింది, అని రాయి."

ఎవరి వల్లనో రాయించలేదు. రిజిస్టరు మొత్తంలో ఆ ఒక్క వరుసే వంకరగా ఉంటుంది.

నాలుగు రోజులు వాళ్ళింటి వైపు పోలేదు. ఐదో రోజు ఆయనే మా గుమ్మం దాకా వచ్చి, పని ఆగిపోయిందని అమ్మతో చెప్పి వెళ్ళారు. నేను వెళ్ళేసరికి బల్ల మీద అద్దాలు లేని బొమ్మలు మూడు పరిచి ఉన్నాయి. వాటి దగ్గర నన్ను ఒక్కదాన్నే వదిలి, ఆయన చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయారు. ఎవరైనా నన్ను అంతగా నమ్మడం అదే మొదలు.

బొమ్మలు ఇప్పుడు ఆయన కూతురి దగ్గర ఉన్నాయి. రిజిస్టరు మాత్రం నాకిచ్చారు. ఏ పుస్తకం గురించి రాయాల్సి వచ్చినా ముందు అందులో ఏముందో రాస్తాను, తెలియనిది తెలియదంటాను. కొత్తగా చేరిన అమ్మాయి పాత పుస్తకం చింపితే, మర్నాడు మళ్ళీ పాత పుస్తకమే చేతికిస్తాను.

ఆయన పోవడానికి వారం ముందు చూడటానికి వెళ్ళాను. మంచంలో కూర్చోవడమే కష్టంగా ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని, "సార్, ఆ రోజు మేఘం..." అన్నాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. పక్కనున్న అట్టల మధ్య నుంచి, కూతురితో కొత్తగా తెప్పించుకున్న నీటిరంగుల బొమ్మ తీసి నాకు అందించారు.

"చేతులు తడి లేకుంట చూస్కొని పట్టుకో బిడ్డా."