సేత్తూరు కుండలో ఎవరు

అరవైల మొదట్లో నేను మద్రాసులో, తవ్వకాల శాఖలో చిన్న ఉద్యోగిని. సేత్తూరులో సంజీవిరాజు అనే రైతు బావి తవ్వుతుంటే మనిషి పట్టేంత కుండ బయటపడిందని ఉత్తరం వచ్చింది. మా అధికారి దాని మీదే ‘కుండను మద్రాసుకు తేవలెను’ అని రాసి నాకిచ్చారు. ఎలా తేవాలో రాయలేదు.

ఎగ్మోరులో సాయంత్రం ఏడింటికి రైలెక్కాను. ఎదుట రాజపాళయం నూలుమిల్లు ఫిట్టరు. నా తాపీ, బ్రష్షులు చూసి, “మేస్త్రీయా మీరు?” అన్నాడు. పాత వస్తువుల వయసు కడతానన్నాను. జీతం అడిగాడు, చెప్పాను. తన ఇడ్లీలు రెండు నాకు పెట్టాడు.

మరునాడు తొమ్మిదిన్నరకు రాజపాళయంలో దిగి, లాడ్జిలో స్నానం చేసి, పదకొండింటి బస్సులో సేత్తూరు చేరాను. పొలంలో ఐదడుగుల గుంట, మధ్యలో కుండ మూతి. గట్టున సంజీవిరాజు, ఆయన తల్లి వెంకటమ్మగారు. వాళ్ళది అరవం కలిసిన తెలుగు.

“నీళ్ళు చూసేవాడు ఈ చోటే చూపించినాడు సార్. సీక్కిరం, బిరాన ఎత్తుకుపోతే మేము తవ్వుకుంటాము,” అన్నాడు రాజు.

పై పొర కొత్తది, కింది పొర పాతది. మట్టిని అలా చదవడం ఒక మిలిటరీ దొర మా గురువుకు నేర్పాడు, ఆయన నాకు నేర్పారు. ఇప్పుడు బొగ్గు కూడా సాక్ష్యం చెబుతోంది. చెట్టు చచ్చినప్పటి నుంచి అందులో ఒక రకం కార్బన్ తరుగుతూ పోతుంది. ఎంత మిగిలిందో చూసి బొంబాయిలో ఏళ్ళు కడతారు. కుండలో బొగ్గు దొరికింది. చెయ్యి తగలకుండా డబ్బాలో వేశాను. దాని కింద శంఖంతో చేసిన గాజు, దవడ ఎముక. ఆ కాలంలో చచ్చినవాళ్ళను ఇలాంటి కుండల్లో పెట్టి పాతేవారు.

“ఎన్ని ఏండ్లు?” అన్నారు వెంకటమ్మగారు.

“రెండు వేలు ఉండొచ్చమ్మా. బొంబాయి నుంచి జవాబు రావాలి.”

“అది కుండకు. ఈ మనిషికి?”

పదేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. దవడ చూశాను. చివరి పళ్ళు ఇంకా రాలేదు. పదహారు ఉండొచ్చన్నాను.

“పావం, మనవరాలు మీనాచ్చి ఈడు. గుంట మూసేయిరా. ఈ పిల్లను లేపి ఆ నీళ్ళు నేను తాగను.”

“పైరు ఎండుతా ఉందమ్మా! అవతల తవ్వితే నీళ్ళు లేకుంటే?”

“లేకుంటే లేదు.”

రాజు నా వైపు తిరిగాడు. “సర్కారు ఉత్తరవు ఉంది కదా సార్, మీరే చెప్పండి.”

ఉత్తర్వు నా జేబులోనే ఉంది. తీయలేదు. కొలతలు రాసుకుని, బొమ్మ గీసుకుని, గాజును, దవడను దొరికిన చోటే పెట్టాను. రాజు నా వైపు చూడకుండానే మట్టి కప్పాడు. వెంకటమ్మగారు మాత్రం భోజనం పెట్టారు.

రెండో రోజు సాయంత్రం రాజే స్టేషనుకు వచ్చాడు. “కొత్త గుంట నాలుగడుగులు పోయినాము. రాయి తగిలింది,” అన్నాడు. నా సంచీ రైల్లో పెట్టి, “అమ్మ మాట కదా సార్, తవ్వుతాము,” అన్నాడు.

రైలు కదిలాక శాఖవారి ఫారం నింపాను. కుండ వయసు: బొంబాయి చెప్పవలెను. మనిషి వయసుకు గడి లేదు, అంచున పదహారు అని రాశాను. కుండ తేకపోవడానికి కారణం అన్నచోట ‘ఇంటివారు పంపలేదు’ అని రాశాను.