తెరమీద రాని నాలుగో లైను

శాలినిది పామర్రు. రోజూ పొద్దున్నే బస్సెక్కి బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్తుంది. చదివింది బీకాం, కోడింగ్ మాత్రం కొంత ఫోన్లో వీడియోలు చూసి, కొంత ఆఫీసులో పక్కసీటు వాళ్లను విసిగించి నేర్చుకుంది. చేయగలననిపిస్తే ఇక వెనక్కి తగ్గే మనిషి కాదు.

వాళ్ల చర్చిలో కొత్తగా తెర పెట్టినప్పుడు, "పాటలు చూపించే ప్రోగ్రాం నేను రాస్తానండీ" అని పాస్టర్ నతానియేలు గారితో తనే అంది. రాసింది. చరణంలో ఎన్నిసార్లు ఎంటర్ నొక్కారో ప్రోగ్రాం లెక్కపెట్టి, అన్ని లైన్లు తెరమీద చూపిస్తుంది. తను టైపు చేసిన పాటలతో ఇంట్లో చూసుకుంటే చక్కగా వచ్చింది.

కోతల పండుగ ఆదివారం అన్నీ కొత్త పాటలే. పాటల బృందాన్ని నడిపే ఫిలిప్ గారు టైపు చేసి పంపారు. మొదటి చరణంలో మూడు లైన్లు చర్చంతా పాడింది. నాలుగోది తెరమీద లేదు. కాగితాలు చేతిలో ఉన్న బృందం ఒక్కటే పాడింది. మిగతావాళ్లు గుక్క ఆపి తెరవంక చూశారు. రెండో చరణమూ అంతే.

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ మార్త వెనక్కి తిరిగింది. "ఏమ్మా శాలినీ, పాట తోక తుంచేశావేంటి?"

ఫిలిప్ గారు కంగారుగా వచ్చారు. "నేను నాలుగు లైన్లూ కొట్టానమ్మా!"

"మీరు సరిగ్గానే కొట్టారు అంకుల్. లెక్క నాదే తప్పింది. ప్రసంగం అయ్యేలోపు సరిచేస్తా."

లాప్‌టాప్ పట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది. తనకు చివరి లైను తర్వాత కూడా ఎంటర్ నొక్కే అలవాటు. ఫిలిప్ గారు నొక్కరు. నాలుగు లైన్లకు మూడే ఎంటర్లు. అందుకే ప్రోగ్రాం మూడు లైన్లతో సరిపెట్టుకుంది. ఆ లెక్కకు ఊరికే ఒకటి కలిపి చూసింది. ఫిలిప్ గారి పాట నిండుగా వచ్చింది గానీ, తన పాటల కింద ఖాళీ లైను తేలింది. ఉహూ, ఇలా కాదనుకుంది. చివరి ఎంటర్ తర్వాత ఇంకా అక్షరాలుంటేనే ఒకటి కలపమని రాసింది. రెండు రకాల పాటలూ సరిగ్గా వచ్చాయి.

ప్రసంగం అయ్యాక, కానుకలు వేసేటప్పుడు పాడే పాట మొదలైంది. నాలుగో లైను తెరమీదికి రాగానే అందరికంటే పెద్దగా మార్త గొంతే వినిపించింది.

బయటికొచ్చాక నతానియేలు గారు పిలిచారు. "చల్లపల్లి చర్చివాళ్లు కూడా అడుగుతున్నారమ్మా, ఈ ప్రోగ్రాం ఇస్తావా?"

"తప్పకుండా ఇస్తానండీ. ముందు వాళ్లు టైపు చేసిన పాటలు నాకు పంపమనండి. వాటిమీద చూసుకున్నాకే ఇస్తా."