గింజకు రెండో వైపు

కలోంబా ప్రభుత్వ కొనుగోలు డిపోలో ధాన్యం, కోళ్లు, గుడ్లు తనిఖీ చేసే ములేయాకి ఒకటే జబ్బు. దేన్నయినా రెండో వైపు తిప్పి చూస్తే గానీ ఒక మాట చెప్పడు.

గుడ్డును వెలుతురుకు పట్టి తిప్పడం ఆయన ఉద్యోగం, కాదనం. కానీ చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో ఉడకబెట్టి పెట్టిన గుడ్డును కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి తిప్పితే ఆ ఇల్లాలికి ఎలా ఉంటుంది? ఒకసారి బస్సులో పక్కామె ఒళ్లోని కోడిని అడక్కుండానే తలకిందులు చేసి, ఈకల్లోకి ఊది చూశాడు.

"రెండో రకం. కాళ్లు గరుకెక్కాయి. వయసు దాచలేం."

"నేను అమ్మడానికి తీసుకెళ్లట్లేదయ్యా. మా వియ్యపురాలికి."

"అయితే కాళ్లు ముందే కోసెయ్యి."

పాస్టరు గారు కొత్తగా పుట్టిన మనవణ్ణి దీవించమని చేతికిస్తే, ములేయా వాణ్ణి ఒళ్లో బోర్లా పడుకోబెట్టి పరీక్షగా చూశాడు. చర్చిలో అందరూ ప్రార్థన ఆపేశారు.

"ఏం వెతుకుతున్నావయ్యా?"

"ఏమీ లేదు, బాగానే ఉన్నాడు. చూడకుండా ఎలా చెప్పమంటారు?"

ఈయన పక్కన పదకొండేళ్లుగా తూకం గుమాస్తా పని చేస్తున్న లుయాండోకి మాత్రం ఇది నవ్వులాట కాదు. కొన్ని సరుకు లాట్లను ఆయన ఒక్క గింజ కొరికి పావుగంటలో పంపేస్తాడు. కొన్నింటిని మాత్రం, ఏ దయ్యం పూనుతుందో గానీ, నేలంతా పరిపించి రోజుల తరబడి తిప్పిస్తాడు. అలాంటి రోజున ఆమెకి సాయంత్రం బస్సు ఉండదు. సొంత చెల్లెలి పెళ్లి విందు కూడా ఆ లెక్కనే పోయింది.

ఆ అక్టోబరులో కొనుగోళ్ల చివరి రోజు పొద్దున, బీనా చోల్వే, అంటే చోల్వే తల్లి, ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లతో నలభై బస్తాల మొక్కజొన్న తెచ్చి తూకం ముందు దింపింది. ఎనిమిది రోజులు గేటు బయట వరసలోనే తిని, వరసలోనే పడుకున్నారు. తీరా వంతు వచ్చేసరికి బస్తాలు తడిసి ఉన్నాయి. రాత్రి అకాల వాన.

"మీ టార్పాలిన్ ఏమైంది పిన్నీ?" అంది లుయాండో.

"రోడ్డవతల చావింట్లో ఉంది."

"ఎవరు పోయారు?"

"మాకేం తెలుసు? జనం ఆరుబయట కూర్చుని ఏడుస్తున్నారు. మబ్బు పట్టింది. ఇచ్చేశాం."

"మీ గింజలు తడుస్తాయని తోచలేదా?"

"తోచింది. శవాన్ని పెట్టుకుని కూర్చున్నోళ్లతో ఆ మాట ఎట్లా అంటామే?"

గేటు బయట వ్యాపారి మునకాంపె లారీ నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. డిపో వద్దన్న గింజను సగం ధరకి కొని, తన పెరట్లో ఎండబోసి, మళ్లీ ఇదే డిపోకి మొదటి రకమని తోలడం అతని వృత్తి. సగం ధరతో ఈ ఆడవాళ్లకి విత్తనమూ రాదు, ఎరువూ రాదు. అసలు వానలకి తొమ్మిది పొలాలు బీడు పడాల్సిందే. అది అతనికి తెలుసు, వాళ్లకీ తెలుసు.

ములేయా బస్తాలో గొట్టం దూర్చి గింజలు తీశాడు. ఒకటి కొరికాడు. చప్పుడు రాలేదు. తేమ మీటరు పధ్నాలుగున్నర చూపించింది. పన్నెండున్నర దాటితే డిపో తీసుకోదు. బయట మునకాంపె లేచి లారీ ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు.

ములేయా గింజను అరచేతిలో తిప్పాడు. "రెండో వైపు చూడాలి."

"ఏ గింజకి సార్?" అంది లుయాండో నీరసంగా.

"అన్నిటికీ. పరిపించు. తనిఖీలో ఉన్న లాటు అని పుస్తకంలో ఎక్కించు. మొదలైన తనిఖీ, గేటు మూసినా ఆగదు."

బీనా చోల్వే నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమయ్యా, నీకు బుర్ర తిరిగిందా? తడిసిందని ఒక్క మాట చెప్పు, మా దారిన మేం పోతాం. ఆ దొంగ సచ్చినోడు సగమైనా ఇస్తానంటున్నాడు."

"తనిఖీలో ఉన్న సరుకు బయట అమ్మడం నేరం తల్లీ."

"మేం పండించింది మేం అమ్ముకోవడం నేరమా?"

"తనిఖీ అయ్యేదాకా."

సిమెంటు గచ్చు మీద నలభై బస్తాలూ పరిచారు. గంటకోసారి ములేయా ఎండకి గొడుగేసుకుని వచ్చి, "తిప్పండి, అటువైపు చూడలేదు," అనేవాడు. సాయంత్రం చావింటివాళ్లు టార్పాలిన్ తిరిగిచ్చి, సంగతి విని, ఆరుగురు మగవాళ్లు గుండు కొట్టించుకున్న తలలతోనే పారలందుకున్నారు. వాళ్లకీ అదే మాట: "తిప్పండి."

రెండో రోజు మధ్యాహ్నం బీనా చోల్వే విసుగ్గా ఒక గింజ నోట్లో వేసుకుంది. టక్కుమంది. ఆమె పార ఆపి ములేయా వైపు చూసింది. ఆయన గొడుగు కింద ఒక గింజని అటూ ఇటూ తిప్పుతూ మహా దీక్షలో ఉన్నాడు. అప్పటినుంచి గేటు బయటికి వినబడేలా, ఇంకా పెద్ద గొంతుతో తిట్టడం మొదలుపెట్టింది: "ఎంతసేపు చూస్తావురా ముసలోడా, నీ కళ్లు కాకులు పొడవ."

మూడో రోజు మునకాంపె తన బండిలో చీలో అనే జిల్లా అధికారిని ఎక్కించుకొచ్చాడు. ఈ చీలో ఒకప్పుడు ములేయా దగ్గర గుడ్లు చూడ్డం నేర్చుకున్నవాడే.

"నలభై బస్తాలకి మూడు రోజులా ములేయా?"

"నాకు కొంచెం నిదానం సార్. మీకు తెలియందేముంది."

"చాల్లే. మీటరు పెట్టు."

పన్నెండు. చీలో మీటరును తట్టి, మరో మూల నుంచి గింజ తీయించి తనే పెట్టాడు. మళ్లీ పన్నెండే. మునకాంపె చెప్పుల వంక చూసుకున్నాడు. సంతకం పెట్టడం తప్ప చీలోకి వేరే దారి లేకపోయింది.

"ఇంత ఆలస్యానికి కారణం మాత్రం పుస్తకంలో ఉండాలి," అని బండెక్కాడు.

ఆడవాళ్లు బస్తాలు కుడుతుంటే లుయాండో ఆ పుస్తకం ముందేసుకుంది. కారణం గడి ఎప్పుడూ ఆయనే నింపుతాడు. "ఏం రాయమంటారు సార్?"

"ఎప్పుడూ ఉండేదే. వెనక చూసి రాయి."

ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. ఒక్క బస్తా కూడా తిప్పించకుండా పంపినవన్నీ పొడి గింజలు. రోజుల తరబడి పరిపించినవి వంతెన లేని వాగులు దాటొచ్చినవాళ్లవి, కప్పుకోడానికి గోనె లేనివాళ్లవి. ప్రతిదానికీ మొదటిరోజు తేమ ఎక్కువ, చివరిరోజు సరిగ్గా. పక్కన కారణం గడిలో ఆయన గుండ్రటి చేతిరాత, ఏటా నాలుగైదు చోట్ల, ఒకే మాట: తనిఖీ అధికారి మందకొడి.

"సార్, ఇవన్నీ పై ఆఫీసుకి వెళ్తాయి కదా. మీకు ప్రమోషన్ రాకపోవడానికి..."

"మసి పూసినట్టు కాకుండా స్పష్టంగా రాయి అమ్మాయ్. వాళ్లు కళ్లజోడు పెట్టుకోరు."

లుయాండో కలం విదిలించి రాసింది: తనిఖీ అధికారి మందకొడి.

ములేయా ఆమె భుజం మీంచి వంగి చదివి, తల అడ్డంగా ఊపాడు.

"ముందు ‘మిక్కిలి’ అని చేర్చు. ఈసారి మూడు రోజులు పట్టింది."