సుంకమ్మ సాకిన మందకుక్క

చిన్న ఈరన్న కుక్కపిల్లను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరను రాతి మీద రెండుసార్లు గీకి, బొటనవేలితో పదును చూసుకున్నాడు.

"ఒదినా, మూతి గెట్టిగా పట్టుకో. కరిస్తే నాకు చెప్పొద్దు."

సుంకమ్మ పిల్ల మూతిని పిడికిట్లో బిగించింది. నెల నిండిన పిల్ల. దాని గుండె ఆమె మణికట్టుకు తగులుతూ కొట్టుకుంటోంది. కత్తెర కరకరలాడింది. ఎడమ చెవి తెగి ఈరన్న పంచె మీద పడింది. పిల్ల అరుపు బయటికి రాలేదు, ఆమె పిడికిట్లోనే వణికింది. రెండో చెవి కోసేసరికి అది ఉచ్చ పోసుకుంది. ఈరన్న పొయ్యిలోని బూడిద తీసి గాయాలకు అద్ది, మెడ పట్టి ఎత్తి దొడ్లో గొర్రెపిల్లల మధ్యకు విసిరేశాడు.

"చెవులుంటే ఊరకుక్కలు ఆడ్నే పట్టుకుంటాయి. పట్టుకున్నాయంటే ఇంగ వదలవు. దీని తల్లికి నేను కోయలేదు. చూసినావు కదా ఏమాయెనో."

చూసింది. రోడ్డు పక్కన కంకర తవ్విన గుంత ఒకటుంది. కోళ్ళ అంగళ్ళవాళ్ళు పేగులూ తలకాయలూ అందులో పారేస్తారు. రెండేళ్ళుగా అవి తిని బలిసిన ఊరకుక్కలు గుంపు కట్టి, తిండి సరిపోని రోజున గొర్రెల మీద పడుతున్నాయి. ఈరన్న మందకుక్క వాటికి అడ్డం పోయింది. దొరికినప్పుడు దానికి చెవులూ లేవు, చెంపలూ లేవు. అది ఈనిన నాలుగు పిల్లల్లో మిగిలింది ఇదొక్కటే.

"ఇను," అన్నాడు ఈరన్న కత్తెర తుడుచుకుంటూ. "చేత్తో నిమరొద్దు. ఇంట్లోకి రానీయొద్దు. పేరు పెట్టొద్దు. సంగటి ముద్ద రాయి మీద పెట్టి ఎనక్కి తిరిగి వచ్చేయి. గొర్రెల్లో పెరిగితే అది గొర్రెల్ని తనోళ్ళు అనుకుంటాది. నీ కాడ పెరిగితే నిన్ను అనుకుంటాది."

"నాకు చెప్తాండావా? నేనేమన్నా నిన్న వచ్చిన కోడల్నా?"

పాతికేళ్ళుగా గొర్రెలు మేపే కురువల ఇంట్లో కోడలిగా ఉన్న మనిషికి ఆ సంగతులు కొత్తవేమీ కావు. అయినా ఈరన్న అటు పోగానే సుంకమ్మ ఆముదంలో పసుపు కలుపుకుని దొడ్లోకి దిగింది. మూలన వణుకుతున్న పిల్లను ఒళ్ళో వేసుకుని గాయాలకు రాసింది. అది ఆమె వేలిని నోట్లోకి తీసుకుని, చప్పరిస్తూ నిద్రపోయింది. "నాయనా, ఊరుకో నాయనా," అంది సుంకమ్మ. అదే దాని పేరైపోయింది.

ఆమె మొగుడు గిడ్డయ్య పిడుగు పడి చచ్చిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆరోజు ఆమె యాభై అడుగుల వెనకగా వస్తోంది. కళ్ళ ముందు తెల్లగా పేలిందంతే. లేచి చూసేసరికి మొగుడూ, చుట్టూ పదకొండు గొర్రెలూ ఒకే వైపుకు పడి ఉన్నాయి. కంబళి కాలిన వాసన. మనిషిదేదో గొర్రెదేదో తెలియని వాసన. కూతుర్ని అప్పటికే ఎమ్మిగనూరులో ఇచ్చేశారు. మూడోరోజు మరిది చిన్న ఈరన్న వచ్చి, "గొర్రెలు నేను మేపుతా, నువ్వు ఇంట్లో కూచో ఒదినా," అన్నాడు. "గొర్రెలు నావి, కాళ్ళూ నావే," అంది సుంకమ్మ. ఆమెవి ముప్పై ఆరు, అతనివి డెబ్బై. అన్నీ కలిపి ఒకే మంద చేసి, ఒకరోజు ఆమె, ఒకరోజు అతను మేపేట్టు ఒప్పుకున్నారు. ఆ ఊళ్ళో గొర్రెలు తోలుకుపోయే ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఆ బతుకు మెత్తనిది కాదు. గొర్రె డెక్కల్లో పురుగు పడితే కత్తిమొనతో తవ్వి తీయాలి. అడ్డం తిరిగిన పిల్లను చెయ్యి పెట్టి లాగాలి. పొట్టేళ్ళు తలలు పగలగొట్టుకుంటుంటే మధ్యలోకి దూరాలి. ఒకసారి పొట్టేలు గుద్ది ఆమె పక్కటెముక విరిగింది, గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా మేపింది. ఇంకోసారి రక్తపింజరి గొర్రె మూతి మీద కాటేస్తే, పాము తల మీద గుండురాయి వేసి, తోక ఆడడం ఆగేదాకా కాలితో తొక్కిపట్టింది. నాలుగు నెలల కుక్కపిల్ల అప్పుడు పాము మీదికి పోలేదు. ఆమె చీరకుచ్చిళ్ళ వెనక దాక్కుంది. సుంకమ్మ నవ్వి, "భయపడ్నావా నాయనా," అని తల నిమిరింది.

రోజంతా మాట్లాడడానికి ఇంకెవరున్నారు? గొర్రె మనిషి ముఖం చూడదు. ఇది చూస్తుంది. ఆమె రొట్టె మూట విప్పితే ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. మొదటి ముక్క దానికే.

పది నెలలకు అది దూడంత అయ్యింది. ఆ పత్తి కాలంలోనే గొర్రె ఒకటి పక్క పొలం రైతు అయ్యన్న చేలోకి దూరింది. అయ్యన్న పార కాడతో కొడితే దాని ముందుకాలు విరిగి వేలాడింది. సుంకమ్మ పోయి అతని చొక్కా పట్టుకుంది.

"మూగజీవం కాలు ఇరగ్గొడ్తావా రా? నీ కాలు ఇరగ్గొడ్తే పత్తి ఎట్ల తీస్తావు?"

"నా కాలు ఇరగ్గొట్టేదానికి నీకు మొగుడు ల్యాకపాయె," అని అయ్యన్న పార ఎత్తాడు.

కుక్క ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అయ్యన్న వెల్లకిలా పడ్డాడు. ముంజేతి కండ కుక్క పళ్ళ మధ్య ఉంది. సుంకమ్మ పిలిచేదాకా విడవలేదు. ఊరంతా ఆ సంగతి చెప్పుకుంది. అయ్యన్న కట్టుతో తిరుగుతుంటే, "ఏమప్పా, సుంకమ్మ చెయ్యి పట్టుకున్నావంట?" అని హోటల్ దగ్గర ఏడిపించారు. చిన్న ఈరన్న ఒక్కడే నవ్వలేదు.

"అది నీ కోసం దూకింది ఒదినా. అప్పుడు మంద యాడుండాది?"

నిజమే. ఆరోజు కుక్క ఆమె దగ్గరికి ఉరకగానే మంద మొత్తం పత్తిలోకి దిగింది.

"దాన్ని నిమురుతాండావు కదా?"

"లేదు," అంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గొర్రెలు ఎండిన వంకలో తలలు ఒకదాని కింద ఒకటి దూర్చి నిలబడి ఉన్నాయి. సుంకమ్మ వాటిని వదిలి, కొంచెం ఎగువన కంపచెట్టు నీడలో రొట్టె తినడానికి కూర్చుంది. కుక్క ఆమెతోనే వచ్చింది. మంద దగ్గర ఎవరూ లేరు.

పద్నాలుగు ఊరకుక్కలు వంక దిగువ నుంచి మొరగకుండా వచ్చాయి. ముందు ఒక ఎర్ర ఆడకుక్క. సుంకమ్మ లేచేలోపు అది ఒక గొర్రెపిల్లను గొంతు దగ్గర పట్టి విదిలించి పారేసి, రెండోదాన్ని పట్టుకుంది. తినడానికి కాదు. ఒకదాన్ని కొరకడం, వదలడం, ఇంకోదాన్ని కొరకడం. పొదుగు చీలిన గొర్రె పాలూ నెత్తురూ కారుస్తూ పరిగెత్తింది. పేగులు కాళ్ళకు చుట్టుకుని ఇంకోటి పడిపోయింది. గొర్రెలు అరవలేదు. బెదిరిన గొర్రెకు అరుపు కూడా రాదు, గుంపుగా ఒడ్డుకు ఎగబాకుతూ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

సుంకమ్మ కర్రతో మధ్యలో పడింది. ఒక కుక్క నడుము విరిగిన చప్పుడు ఆమె చేతులకు తెలిసింది. ఆమె కుక్క ఆమె కాలిని రాసుకుంటూ పరిగెత్తింది, మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆమె మీదికి వచ్చినదాన్నల్లా కరిచింది. కానీ అక్కడే తిరిగింది.

"ఉస్కో! గొర్రెల్లోకి పో! పో నాయనా!"

నాలుగు అడుగులు పోయింది. వెనక్కి చూసింది. తిరిగి వచ్చి ఆమె ముందు నిలబడింది. ఆమె అరిచింది, తిట్టింది, తన్నింది. అది కదల్లేదు. పది అడుగుల అవతల ఎర్ర కుక్క ఇంకో పిల్లను విదిలిస్తోంది.

ఊరకుక్కలు విసిగి పోయేసరికి పదమూడు గొర్రెలు పడి ఉన్నాయి. కబురందుకుని చిన్న ఈరన్న వచ్చాడు. ఇంకా కొట్టుకుంటున్నవాటి దగ్గర ఒక్కొక్కటిగా కూర్చుని, తల వెనక్కి వంచి కత్తితో గొంతు కోశాడు. అయిదో గొర్రె దగ్గర అతని చెయ్యి ఆగింది. దాని చెవిని ఒకసారి తడిమి, కోశాడు. లేచి, నెత్తురు చేతులతోనే నడుముకున్న తాడు విప్పాడు.

"కుక్కను పట్టు."

సుంకమ్మ అడ్డం నిలబడింది. "సంపేదానికి నువ్వెవురు?"

"నావి ఆరు, నీవి ఏడు సచ్చినాయి. నీవి పోతే నీ ఇష్టం. నా ఆరింటికి నా పెండ్లానికి ఏం చెప్పల్ల?"

"అది పారిపోలేదు ఈరన్నా. నిలబడింది."

"యాడ నిలబడింది?"

కుక్క ఆమె మోకాలికి తల ఆనించి ఒగరుస్తోంది. ఈరన్న దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"దాన్ని నేను తప్పు పట్టను. నువ్వు నేర్పిందే చేసింది. ఇట్లాంటి కుక్క మందలో ఉంటే ల్యాకుండా ఉన్నదానికంటే చెడుపు. కాపలా ఉందని మనం మోసపోతాం. అమాస ఇంగ పదైదు దినాలుండాది. అప్పటికి అది గొర్రెల్లో నిలబడితే సరే. ల్యాకపోతే నువ్వు అడ్డం వచ్చినా ఆగను. నీకు నేర్పేది చేతనవుతాదా?"

"అవుతాది," అంది సుంకమ్మ.

మరునాడు పొద్దున్నే ఆమె దొడ్డి తలుపు తీయగానే కుక్క తోకాడిస్తూ వచ్చింది. ఆమె కర్రతో మూతి మీద కొట్టింది. అది పొరపాటున తగిలిందనుకుంది. పొట్ట నేలకు ఆనించి, పాకుతూ మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టింది. ఈసారి ముక్కు పగిలింది. మూడోసారి అది వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. ఆ పొట్ట మీద తన్నింది సుంకమ్మ.

ఆరోజు నుంచి ఈరన్న వంతు రోజులు కూడా తానే పోయింది. దగ్గరికి వస్తే కర్ర, దూరం నుంచి చూస్తే రాయి. దాన్ని ముసలి గొర్రెతో కలిపి మెడకు మెడ కట్టేసింది. గొర్రె ఎటు ఈడిస్తే అటు పోతూ, అది ఆమె వైపే తల తిప్పి మూలిగేది. మూలిగితే రాయి. నాలుగోరోజు రాయి తగిలి ముందు పన్ను విరిగింది. ఆరోరోజు తాడు కొరుక్కుని వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. సుంకమ్మ కొట్టీ కొట్టీ చెయ్యి పడిపోయి, కర్రను రెండో చేతికి మార్చుకుంది. కొడుతున్నంతసేపూ చీరకొంగు పళ్ళ మధ్య కుక్కుకుంది. నోరు తెరిస్తే నాయనా అని వస్తుందని ఆమె భయం.

దారిన పోయే ఆడవాళ్ళు ఆగి చూశారు.

"మొగుడు ల్యాని కోపం కుక్క మీద తీర్చుకుంటాంది," అంది ఒకామె.

"దయ్యం పట్టిందేమో," అంది ఇంకొకామె.

ఎనిమిదోరోజు అది రాలేదు. తలుపు తీస్తే గొర్రెల వెనకే బయటికొచ్చి, వాటి మధ్యలోనే నడిచింది. కుంటుతోంది. ఆమె వైపు చూడలేదు. పదకొండోరోజు ఒక గొర్రె బీడులోనే ఈనింది. కుక్క పోయి తడి పిల్లను నాకి, దాని పక్కనే పడుకుంది. సుంకమ్మ దూరంగా గట్టు మీద కూర్చుని చూసింది. రొట్టె మూట ఆరోజు విప్పలేదు.

అమావాస్యకు ముందురోజు పొద్దు రెండు బారలెక్కాక ఊరకుక్కలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఆరు. ఏమవుతుందో చూడాలని ఈరన్న కూడా ఆ పూట వచ్చి, బీడుకు అవతలి కొసన ఉన్నాడు. ఇద్దరూ పరిగెత్తారు, ఇద్దరికీ దూరమే.

మందకుక్క ఎవరి కోసమూ చూడలేదు. మంద ముందుకు వచ్చి ఎర్ర ఆడకుక్కను గుండెతో గుద్దింది. రెండు కుక్కలు దాని తలను పట్టబోయాయి, చెవులు లేని తల మీద పళ్ళు జారిపోయాయి. మూడోది తొడ చీల్చింది. అది అటు తిరగనే లేదు. ఎర్ర కుక్క గొంతు దొరకబుచ్చుకుని, అది కాళ్ళు తన్నుకోవడం మానేదాకా నేలకు అదిమి పట్టింది. తరువాత నెత్తురు మూతితో తల ఎత్తింది. మిగతావి వెనక్కి అడుగులు వేసి, తిరిగి, పారిపోయాయి. ఒక్క గొర్రె పోలేదు.

పదకొండోరోజున పుట్టిన పిల్ల మాత్రం తొక్కిసలాటలో కిందపడి ఉంది. సుంకమ్మ మందలోకి దూరి దాన్ని ఎత్తుకుంది. వెనకనుంచి ఏదో వచ్చి ముంజేతిని పట్టుకుంది. పళ్ళు ఎముక దాకా దిగాయి. ఆమె తల తిప్పి చూసింది. కుక్క కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. ఆమె ఎవరో తెలిసిన కళ్ళే. గుర్రుమంటూ, విడవకుండా, చూస్తోంది.

కర్ర ఆమె రెండో చేతిలోనే ఉంది. ఎత్తలేదు.

రొప్పుతూ వచ్చిన ఈరన్న అంత దూరంలోనే ఆగిపోయాడు.

"పిల్లను కింద పెట్టు ఒదినా," అన్నాడు మెల్లగా. "నువ్వు ఎత్తుకపోతాండావని అనుకుంటాంది."

ఆమె వంగి పిల్లను నేల మీద పెట్టింది. కుక్క చెయ్యి విడిచి, పిల్లను వాసన చూసి, మందకూ ఆమెకూ మధ్యన నిలబడింది.

ఆసుపత్రి దాకా ఈరన్న బండి మీద తీసుకుపోయాడు. నర్సమ్మ గాయాన్ని సబ్బునీళ్ళతో పావుగంట కడిగింది. నీళ్ళు ఎర్రగా, తరువాత లేతగా పారాయి.

"ఎవురి కుక్కమ్మా? నీదేనా?"



"మందది," అంది సుంకమ్మ.

"కట్టు రేపు మార్చల్ల. సూదులు ఇంగా ఉండాయి, చెప్పిన దినం రావల్ల. కుక్కను మాత్రం పది దినాలు కనిపెట్టుకోని ఉండండి. ఆ లోపల సచ్చిపోతే యెంటనే వచ్చి చెప్పల్ల, తెలిసిందా?"

సుంకమ్మ తలుపు దగ్గర నిలబడ్డ ఈరన్న వైపు చూసింది. అతను తల దించుకుని గడప గీరుతున్నాడు.

"సావదులేమ్మా," అంది. "ఇంగ దాన్ని ఎవురూ సంపరు."