తెలుగులో మాటిచ్చింది నేను

మొన్న రక్తపరీక్షకు వెళితే నర్సమ్మాయి దూదిని స్పిరిట్‌లో ముంచి నా మోచేతి మడతలో రుద్దింది. ఆ వాసనకు ఎవరికైనా ఆసుపత్రే గుర్తుకు రావాలి. నాకు మాత్రం బాపట్లలో రాణి టీచర్ గారి వీడియో లైబ్రరీ గుర్తొస్తుంది. రోజూ షాపు తెరవగానే ఆవిడ వీసీఆర్ మూత విప్పి, మెత్తటి గుడ్డకు స్పిరిట్ అద్ది, లోపలి హెడ్డు తుడిచేవారు. బొమ్మ మసకగా వస్తే తీసినవాడినెవరూ తిట్టరు, అద్దెకిచ్చినవాళ్ళనే తిడతారనేది ఆవిడ వాదన. ఆ తుడవడం కూడా సగంలో ఎవరైనా కస్టమర్ వస్తే ఆపేవారు కాదు. వచ్చినవాళ్ళే బెంచీ మీద కూర్చోవాలి.

ఆవిడది రేపల్లె. లూథరన్ల కుటుంబం. ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆ వయసులో ప్రార్థనలు చేసుకుంటూ కూర్చోకుండా సినిమా క్యాసెట్ల కొట్టు పెట్టడమేంటని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. నేను బి.ఏ. పూర్తిచేసి, తెనాలిలో ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న రోజులవి. ఇంగ్లీషు చదవగలిగిన మనిషి కావాలంటే వెళ్ళాను. ఎనభైల చివర్లో, పొద్దున పాసింజరెక్కి బాపట్ల, సాయంత్రం మళ్ళీ తెనాలి. అదే నా మొదటి ఉద్యోగం.

ఆ కొట్లో వేరే ఎక్కడా లేని ఆచారమొకటి ఉండేది. సినిమా క్యాసెట్ ఏది తీసుకున్నా, దాంతోపాటు ఒక డాక్యుమెంటరీ క్యాసెట్ ఊరికే చేతిలో పెట్టేవారు. చేపల మీద, తుఫానుల మీద, నేతగాళ్ళ మీద, ఆవిడ ఎక్కడెక్కడికో రాసి తెప్పించుకున్నవి. వద్దన్నా వదిలేవారు కాదు. చూశారో లేదో కనిపెట్టడానికి ఆవిడకు ఒక చిట్కా ఉండేది. ఆ రోజుల్లో చూసిన క్యాసెట్‌ను వెనక్కి తిప్పి ఇచ్చే పుణ్యాత్ములు మా ఊళ్ళలో లేరు. కాబట్టి టేపు మొదట్లోనే ఉన్నదంటే చూడలేదన్నమాట. చూశామండీ, చాలా బాగుందండీ అని చెప్పిన పెద్దమనుషులు కూడా ఆవిడ క్యాసెట్ కిటికీలోంచి టేపు చూపించేసరికి నాలుక కరుచుకుని మళ్ళీ పట్టుకుపోయేవారు. నాకు నవ్వొచ్చేది. ఆవిడకు రాదు.

ఆ డాక్యుమెంటరీల అలమరలో ఒక ఖాళీ చోటుండేది. అది వేటపాలెం సినిమాకు. చాలా ఏళ్ళ కిందట ఆవిడ ఇంకా ఉద్యోగంలో ఉండగా, వేటపాలెంలో జీడిపప్పు కొట్టే ఆడవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీయడానికి బయటినుంచి కొందరు వచ్చారు. వాళ్ళకు తెలుగు రాదు. దుబాసీగా రాణి టీచర్ గారు వెళ్ళారు. వెళ్ళిపోయేటప్పుడు ఆ ఆడవాళ్ళు, మా బొమ్మ మాకు చూపిస్తారా అని అడిగారట. సినిమాహాల్లో చూపిస్తామని డైరెక్టర్ ఇంగ్లీషులో అన్నాడు. ఈవిడ తెలుగులో చెప్పారు. ఆ తర్వాత అతని జాడ లేదు. ఈవిడ మాత్రం ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. అతను ఇచ్చిన మాటకు మీరెందుకు ఇంత ఆరాటపడతారని ఒకసారి అడిగాను.

"ఆయన ఇంగ్లీషులో ఇచ్చాడు. అది వాళ్ళకు అర్థం కాలేదు. తెలుగులో మాటిచ్చింది నేనమ్మా" అన్నారు.

చివరకు క్యాసెట్ వచ్చింది. టీవీలో చూపించేద్దామన్నాను. హాల్లో అని చెప్పాం, టీవీ అని చెప్పలేదు అన్నారు. ఆవిడ మొండితనానికి దేవుడే దిగి వచ్చాడనుకోవాలి, కొన్నాళ్ళకే అదే సినిమా బాపట్ల హాలుకు వచ్చింది. అప్పట్లో ప్రతి హాల్లోనూ అసలు సినిమాకు ముందు ఒక డాక్యుమెంటరీ రీలు వేసేవారు, వారానికొకటి మారేది. జనం అది అయిపోయేదాకా బయట శనక్కాయలు తింటూ నిలబడేవారు. ఆవిడ మాత్రం ప్రతి శుక్రవారం మేనేజర్‌ను ఈ వారం ఏది వచ్చిందని అడిగేవారు. ఆ శుక్రవారం ఇదే వచ్చింది. వారం దాటితే మరో ఊరికి పోతుంది. ఆదివారం పొద్దున వేటపాలెం ఆడవాళ్ళకోసం ఆ ఒక్క రీలూ వెయ్యమని అడిగితే, ఆపరేటర్ రాడని మేనేజర్ తప్పించుకోబోయాడు. ఆవిడ ఆయన గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన కాఫీ తెప్పిస్తే తాగారు. భోజనానికి వెళ్ళొస్తానంటే వెళ్ళి రమ్మన్నారు. ఆయన తిరిగి వచ్చేసరికీ అక్కడే ఉన్నారు. ఇక చేసేది లేక ఒప్పుకున్నాడు.

వచ్చిన ప్రింటు ఇంగ్లీషుది. చర్చి నుంచి మైకు తెచ్చి, బొమ్మ నడుస్తుండగా నేను తెలుగులో చెప్పాలని అనుకున్నాం. అందుకు షాపులో క్యాసెట్ వేసుకుని తయారవుతుంటే ఒకచోట ఆగిపోయాను. మార్తమ్మ అనే ఆమె నల్లబడిన వేళ్ళు చూపిస్తూ ఏదో అంటుంది. జీడిగింజ పైతోలులోని చమురు చర్మాన్ని తినేస్తుంది, ఆ మరక పోదు. ఆమె పెదవులు కదులుతుంటే మీద ఇంగ్లీషు గొంతు పలుకుతుంది, ఈ చేతులతో అన్నం పెడితే నా కూతురు తినదు అని. ఆ కూతురు అప్పటికి టైపు నేర్చుకుంటున్న పెద్దపిల్ల, పేరు సరోజ. ఊరందరి ముందు ఆ మాట ఎలా చెప్పడం? అక్కడ ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తానన్నాను.

రాణి టీచర్ గారు వీసీఆర్ ఆపేశారు. "ఆ మాట మనది కాదు పద్మా. అడక్కుండా చెప్పకూడదు. అడక్కుండా దాచనూ కూడదు" అన్నారు.

మర్నాడే ఇద్దరం వేటపాలెం వెళ్ళాం. మార్తమ్మ గారు అరుగు మీద కూర్చుని వేళ్ళకు ఆముదం రాసుకుంటున్నారు. సినిమాలో ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆమె ఆముదం పక్కన పెట్టి, "అంత మాట అన్నానా? ఏమోనండి, అనే ఉంటాను. సినిమాలో ఉందంటే అన్నట్టేగా" అన్నారు. గుమ్మంలో నిలబడి విన్న సరోజ లోపలికి వెళ్ళిపోయింది. ఆ చోట నువ్వేం మాట్లాడకమ్మా అని మార్తమ్మ గారు నాతో అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక హాలు నిండింది. తమ గంపలు, తమ చేతులు, చనిపోయిన తోటివాళ్ళు తెరమీద కనిపిస్తుంటే కొందరు ఏడ్చారు, కొందరు పక్కవాళ్ళను పొడుస్తూ నవ్వారు. మార్తమ్మ గారి ముఖం వచ్చినప్పుడు నేను మైకు దించేశాను. హాలంతా ఆ పరాయి గొంతే. ఏమన్నావక్కా అక్కడ అని పక్కామె అడిగితే, ఏదో అన్నాలే అన్నారు మార్తమ్మ గారు. సరోజ చివరి వరసలో తల వంచుకుని కూర్చుంది. రాణి టీచర్ గారి ముఖంలో మాట నిలబెట్టుకున్న తృప్తి కనిపించింది. అంతటితో అయిపోయిందని నేను అనుకున్నాను.

కొద్దిరోజులకు సరోజ షాపుకు వచ్చి ఆ క్యాసెట్ చూపించమంది. ఆ చోటు రాగానే లేచి, టీవీ పక్కనున్న స్పీకరుకు చెవి ఆనించింది. మళ్ళీ వెనక్కి తిప్పమంది. ఎన్నిసార్లు తిప్పానో. ఇంగ్లీషు గొంతు కింద సన్నగా వాళ్ళమ్మ గొంతుంది. నాకు దొరకలేదు. కూతురికి దొరికింది.

"అమ్మ అలా అనలేదండీ. 'ఈ చేత్తో పెడితే తినదేమోనని నేనే కలిపి పెట్టడం మానేశాను' అంది" అని చెప్పింది. తర్వాత ఏడుస్తూనే, నేనెప్పుడు తిననన్నానండీ, అమ్మే పెట్టడం మానేసింది, ఎందుకో నాకు తెలీదు అంది.

రాణి టీచర్ గారు కూడా వంగి చెవి పెట్టి విన్నారు. లేచేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ రోజు గబగబా సాగుతున్న షూటింగులో, డైరెక్టర్ ఏమంటోందని అడిగితే, అంత పొడుగు మాటను కూతురు తినదట అని ఒక్క ముక్కలో తేల్చి చెప్పింది ఆవిడే. నేను జాలిపడి, ఇన్నేళ్ళ కిందటి మాట, ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకండీ అన్నాను. ఆవిడ నావైపు చూడనైనా లేదు. పట్టపగలు బేరాల వేళ షట్టర్ దించి, మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని స్టేషన్‌కు నడిచారు.

వేటపాలెంలో మార్తమ్మ గారి అరుగు దగ్గర నిలబడే చెప్పారు. "మార్తమ్మా, నీ మాట నేను తప్పు చెప్పాను. నీ బిడ్డ మీద లేని నింద పడింది. నన్ను క్షమించు." పిల్లలచేత గుంజీలు తీయించిన టీచర్ గారు అలా చేతులు కట్టుకుని నిలబడటం నేను అంతకుముందు చూడలేదు. మార్తమ్మ గారు కంగారుపడి, దానికేంటి టీచరమ్మ గారూ, కూర్చోండి, అన్నం తిని వెళ్ళండి అన్నారు. సరోజ లోపలికి వెళ్ళి ఒక కంచం తెచ్చుకుని తల్లి ఎదురుగా చతికిలబడింది. మార్తమ్మ గారు ఆ కంచాన్ని, కూతుర్ని మార్చి మార్చి చూసి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

రాణి టీచర్ గారు పోయి చాలా ఏళ్ళయింది. తొంభైలలో నేను హైదరాబాదు వెళ్ళి డాక్యుమెంటరీలు తీయడం నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే నా పని. నా సినిమాల్లో ఎవరి గొంతు మీదా మరొకరి గొంతు వెయ్యను. టీవీవాళ్ళు ఎంత అడిగినా, ఇలాగైతే ప్రసారం చెయ్యం అని బెదిరించినా, అర్థం కానివాళ్ళకోసం కింద అక్షరాలే వేస్తాను. సినిమా పూర్తికాగానే మొదట ఎవరిని తీశానో వాళ్ళ గుమ్మానికే పట్టుకెళ్ళి, "ఇందులో మీ మాట మీరు అన్నట్టే ఉందా అండీ?" అని అడుగుతాను. లేదంటే తిరిగి వచ్చి మళ్ళీ ఎడిటింగుకు కూర్చుంటాను.