మా ఆయనకు తప్పిన ఆముదం మర్దన

మా అమ్మాయి పుట్టిన వైనం నగరిలో మా వీధివాళ్ళు ఇప్పటికీ తలా ఒక రకంగా చెబుతారు. అత్త పోయింది, ఆయన నోరు విప్పడు. జరిగింది చూసి, పుస్తకాలు కూడా చదివినదాన్ని నేనొక్కదాన్నే గనక రాసిపెడుతున్నాను.

డెబ్బైలు ముగిసే కాలం. పెళ్ళయి ఐదేళ్ళయినా నాకు కడుపు పండలేదు. తిరుపతి డాక్టరమ్మ నాకు అన్ని పరీక్షలూ చేసి, "మీ ఆయనకు కూడా చేస్తేగానీ ఇంక మందు రాయను" అంది. ఆయన మరమగ్గాల షెడ్డులోకి పోయి, "మా వంశంలో మొగోళ్ళకు అట్లాంటివి లేవు" అన్నాడు. ఆ చప్పుడులో నా జవాబు వినపడదని ఆయనకు తెలుసు.

అత్త నమ్మకమంతా పుత్తూరు నుంచి వచ్చే మర్దన అవ్వ మీద. గోరువెచ్చని ఆముదంతో అవ్వ నా నడుము, పొత్తికడుపు నిమిరేది. గట్టిగా నొక్కకపోతే పరవాలేదని డాక్టరమ్మ కూడా అంది. గర్భసంచి సంగతేమోగానీ, నడుం నొప్పి తగ్గి ఆ పూట హాయిగా నిద్ర పట్టేది.

చదివింది ఎనిమిదే అయినా, శాఖా గ్రంథాలయంలో వైద్యం బీరువా దాదాపు ఖాళీ చేసినదాన్ని. పిల్లల కోసం చేసే వైద్యం ఆలుమగలిద్దరికీ జరగాలని ఒక పుస్తకంలో ఉంటే, అత్తకు వినపడేటట్టు పైకి చదివినాను. అత్తకు వైద్యమంటే మర్దనే.

"అట్లయితే వానికీ తోమించాల్సిందే" అంది. నేను కాదనలేదు.

"మొగోళ్ళను నేను పట్టను. మా ముసలాయన వస్తాడు" అంది అవ్వ.

ముసలాయన విరిగిన ఎముకలకు కట్టు కట్టే మనిషి. వసారాలో చాప పరిచి, ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని, "చొక్కా ఇప్పప్పా" అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు ఆయన.

"బిడ్డల కోసరం. భయపడొద్దు, నిన్న కాలిరిగిన ఎద్దును పట్టిన చేతులివి."

పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "ఏమక్కా, మీవోనికి ఎన్నో నెల?" అని అత్తను అడిగింది.

ఆయన విప్పిన గుండీలు మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మా, ఈయన్ని పంపించు. నేను తిరుపతికి పోతాండా."

తర్వాతి బస్సుకే పోయినాం. లోపం కొంత ఆయనలోనే ఉందని తేలింది. మందులు వాడినాడు. మరుసటి ఏడు అమ్మాయి పుట్టింది. అంతా ఆముదం మహిమేనని అత్త కడదాకా చెప్పింది. ఎంత చదివినా ఆ మాట నేను కొట్టెయ్యలేకపోయినాను.

పేర్లు వద్దు, వరసలతోనే దండం పెడతాను. మందు రాయనని మొండికేసిన డాక్టరమ్మకు, గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం అయ్యకు, నాకు నిద్ర ఇచ్చిన అవ్వకు, చెయ్యి వెయ్యకుండానే మా ఆయన్ని దారికి తెచ్చిన ముసలాయనకు, ఎన్నో నెలని అడిగిన పక్కింటామెకు. ఆ గిన్నెలో మిగిలిన ఆముదం సీసాకెత్తి, ఏడాది దాచి, పసిదాని మాడుకు అంటిన మా అత్తకు.